కత్తి ఎవరి చేతిలో వుంటే మారణాయుధం?

సావనీరుకి ఏదైనా రాయమన్నప్పుడు, సైన్సు విద్యార్థిని గనుక అంతరిక్షం గురించో అణుశక్తి గురించో రాస్తానని మిత్రులు అనుకున్నారు. ఆ విషయాలు నాకంటే బాగా చదివినవాళ్లు మన కళాశాలలోనే వున్నారు. నేను చండ్రుగొండ నుంచి వచ్చినవాణ్ణి. మాది వ్యవసాయ కుటుంబం. పుస్తకం పట్టక ముందు నా చేతికి వచ్చిన వస్తువు కొడవలి. కనుక కత్తుల గురించి, వాటిని చేసి అమ్ముకుంటూ దేశం తిరిగే మనుషుల గురించి నాకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను. నచ్చనివాళ్లు వాదనకు రావచ్చు, సంతోషమే.

మా వైపు శివరాత్రి దాటిందంటే రోడ్డు పక్కన కొలుములు లేస్తాయి. కొత్తగూడెం వైపు పోయే దారిలో ఏ చింతచెట్టు కిందనో ఒక పాత ట్రాలీ ఆగుతుంది. పట్టా పరిచి గుడారం వేస్తారు. నేలలో చిన్న గుంట తీసి బొగ్గు పోసి, చేత్తో తిప్పే గాలిపంకా పెడతారు. దాగలిని భూమిలో పాతుతారు. అంతే, దుకాణం సిద్ధం. మొగాయన పట్టకారుతో ఎర్రటి ఇనుము పట్టుకుని కూర్చుంటాడు. సమ్మెట కొట్టేది ఆడమనిషి. ఒక్కోసారి ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి, ఒక దెబ్బ తర్వాత ఒక దెబ్బ, తాళం తప్పకుండా కొడతారు. మా వూళ్లో మొగపిల్లలు పనిమాలా నిలబడి చూసేది ఈ దృశ్యాన్నే.

ఎక్కడివాళ్లని అడిగితే రాజస్థాన్ అంటారు, కొందరు మధ్యప్రదేశ్ అంటారు. ఉత్తరాదిలో వీళ్లను గాడియా లోహార్లంటారు. గాడీ అంటే బండి, లోహార్ అంటే కమ్మరి. తాము చిత్తోడు కోటలో ఆయుధాలు చేసినవాళ్లమనీ, 1568లో ఆ కోట అక్బరు చేతికి పోయాక, తిరిగి గెలిచేదాకా ఇల్లు కట్టుకోబోమని ఒట్టు పెట్టుకుని బయలుదేరినవాళ్లమనీ వాళ్లు చెప్పుకునే కథ. 1955 ఏప్రిల్‌లో అప్పటి ప్రధాని నెహ్రూ స్వయంగా వాళ్లను చిత్తోడు కోటలోకి తీసుకెళ్లి, ఆ ఒట్టు తీరిందని చెప్పాడు. కోటలోకి వెళ్లారు గాని అక్కడ చేసుకు బతకటానికి పనేముంది? చాలామంది మళ్లీ బండెక్కారు. ఎడారి అంచున మొదలైన ఆ ప్రయాణం మా అడవి అంచు దాకా వచ్చిందంటే నాకు ఇప్పటికీ వింతగానే వుంటుంది.

మాకు మా వూరి కమ్మరి వుండేవాడు కదా, వీళ్లతో పనేమిటి అని ఎవరైనా అడగవచ్చు. వుండేవాడు. నాగలి కర్రు చరిచి, కొడవలికి కక్కు పెట్టి, పంట ఇంటికి వచ్చినప్పుడు కల్లం దగ్గర మేర తీసుకుని వెళ్లేవాడు. ట్రాక్టరు వచ్చింది, కర్రు పోయింది. కర్రు పోయాక మేరా పోయింది. కమ్మరి కొడుకులు పట్నంలో వెల్డింగు షాపుల్లో చేరారు. ‘బయటివాళ్లు వచ్చి మనవాడి నోటికాడి కూడు తీశారు’ అనే మాట మా రచ్చబండ దగ్గర తరచు వింటాను. కూడు తీసింది ట్రాక్టరు. ఆ ట్రాక్టరు కొన్నది మనమే. ఇది చెప్పటానికి ఆర్థిక శాస్త్రం చదవక్కర లేదు.

కాని పని పోలేదు. శివరాత్రి తర్వాత తునికి కొమ్మ కొట్టే పని వుంటుంది. తాళ్లు గీసేవాళ్లకు కత్తి కావాలి. కోయగూడేల్లో వెదురు నరకటానికి, పుల్లలు కొట్టుకోవటానికి, కల్లు దింపటానికి, మాంసం కొయ్యటానికి ప్రతి ఇంట్లో కనీసం రెండు మూడు పదునైనవి వుండి తీరాలి. అడవి అంచున కత్తి లేకుండా ఒక్క పూట గడవదు. వారం సంతలో టార్పాలిన్ మీద పరిచిన గొడ్డళ్ల ముందు కోయవాళ్లు, తండావాళ్లు, మా రైతులు పక్కపక్కనే గొంతుక్కూచుని బేరమాడతారు. మా మండలంలో ఈ ముగ్గురూ అంత దగ్గరగా కూర్చునే చోటు ఇంకొకటి నాకైతే కనిపించలేదు.

ఇక వాళ్ల విద్య గురించి. ఇది చెప్పకుండా పోతే నేను చదివే చదువుకి అన్యాయం చేసినట్టే.

వాళ్లు ఎక్కువగా వాడేది లారీ కమాన్ పట్టీ. పాత ఇనుప సామాన్ల కొట్లో తూకానికి కొంటారు. ఆ ఉక్కులో కార్బన్ సుమారు అర శాతం, ఆ పైన కొంచెం. మామూలు ఇంటి కిటికీ ఊచలో కార్బన్ అంతకంటే చాలా తక్కువ, దాన్ని ఎంత కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు. ఈ తేడా చదువు రాని మనిషి ఎట్లా కనిపెడతాడు? సుత్తితో కొట్టి మోత వింటాడు. సానరాయికి ఆనించి నిప్పురవ్వలు ఎట్లా విచ్చుకుంటున్నాయో చూస్తాడు. తర్వాత కత్తి ఆకారం సాగగొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి, అంచు ఒక్కదాన్నే నీళ్లలో ముంచి తీస్తాడు. అప్పుడు అంచు గాజులాగా గట్టిగా, గాజులాగే పెళుసుగా వుంటుంది. వీపు వైపు ఇంకా వేడి మిగిలే వుంటుంది. అంచును రాయితో ఒక్కసారి రుద్ది తెల్లగా మెరిపించి, కళ్లు దానిమీదే పెట్టి కూర్చుంటాడు. వీపులోని వేడి మెల్లగా అంచుకు పాకుతుంది. తెల్లటి అంచు ముందు ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది, తర్వాత గోధుమ రంగు, తర్వాత నెమలి మెడ రంగు, ఆ తర్వాత నీలం. కూరగాయల కత్తికి ఎండుగడ్డి రంగు దగ్గర, గొడ్డలికి నెమలి మెడ రంగు దగ్గర మొత్తం ముంచేస్తాడు.

మన భౌతికశాస్త్రం ప్రకారం ఆ రంగులు ఉక్కు మీద ఏర్పడే ఆక్సైడు పొర మందాన్ని బట్టి వస్తాయి. సబ్బుబుడగ మీద రంగులు వచ్చే సూత్రమే ఇది. ఎండుగడ్డి రంగు దాదాపు 230 డిగ్రీల సెంటీగ్రేడు, నీలం దాదాపు 300. మధ్యలో వున్నది 70 డిగ్రీలు. కత్తి నిలుస్తుందా, విరుగుతుందా, వంగుతుందా అన్నది ఆ 70 డిగ్రీలలోనే తేలుతుంది. మనం ప్రాక్టికల్స్‌లో థెర్మోకపుల్ పెట్టి, రీడింగు తప్పు వస్తే పక్కవాడి రికార్డు చూసి రాసుకుంటున్నాం. (ఈ వాక్యం చదివి మా లెక్చరరు గారు నవ్వుతారో, పిలిపిస్తారో తెలియదు.)

వర్తకం పద్ధతి కూడా చూడదగ్గదే. ధర చెప్పేది ఆడమనిషి. పొద్దున్నే గంపలో కత్తులు, గరిటెలు, పట్టకార్లు పెట్టుకుని వీధులు తిరిగేదీ ఆమే. మూడు వందలంటుంది, రెండు వందల దగ్గర తెగుతుంది. ఇంట్లో పాత ఇనుము వుంటే తూచుకుని ధరలో తగ్గిస్తుంది. అరువు మాత్రం లేదు. ‘ఇవాళ వుండి రేపు పోయేదానికి గ్యారంటీ ఏముంటుంది’ అని మావాళ్లంటారు. నిరుడు మా ఇంటి గడప దగ్గర జరిగిన సంభాషణ ఇది.

‘‘నువ్విచ్చిన కత్తే, అంచు పగిలింది చూడు’’ అంది మా అమ్మ.

ఆమె బొటనవేలితో అంచు తడిమి, ‘‘కర్ర కొట్టావా, బొక్క కొట్టావా, నిజం చెప్పమ్మా’’ అంది.

‘‘బొక్కే. మేకపోతుది.’’

‘‘బొక్కకి ఇది కాదమ్మా, బరువు కత్తి వుండాల. తే ఇటు.’’

సాయంత్రానికి కాల్చి, సాగగొట్టి తెచ్చి ఇచ్చింది. అమ్మ డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ‘‘వచ్చే యేడు నీ గడప తొక్కొద్దా నేను?’’ అంది. ఆ మనిషికి దుకాణం లేదు, బోర్డు లేదు, రశీదు పుస్తకం లేదు. వచ్చే యేడు మళ్లీ రావాలన్న అవసరమే ఆమె పూచీకత్తు. అంతకంటే గట్టి పూచీ ఇచ్చిన విత్తనాల కంపెనీని మా నాన్న తన జన్మలో చూడలేదు.

ఇటువంటి మనుషులను మనం ఎట్లా చూస్తున్నాం? నా అభ్యంతరమంతా ఇక్కడే.

కొన్నేళ్ల క్రితం మా చుట్టుపక్కల ఒక వూళ్లో బావుల దగ్గర మోటారు తీగ పోయింది. రాగి కోసం తీగ దొంగతనాలు ప్రతి వేసవిలోనూ జరిగేవే. ఎవరూ ఏమీ చూడలేదు. కాని చీకటి పడకముందే వేళ్లన్నీ గుడారాల వైపు తిరిగాయి. రాత్రికి రాత్రి వాళ్లను లేపి, అమ్మకానికి పెట్టుకున్న కత్తులూ గొడ్డళ్లూ గోనెసంచుల్లో వేయించి తీసుకుపోయారు. తీగ వాళ్ల దగ్గర దొరకలేదు. మూడు రోజులకు సరుకు తిరిగి వచ్చింది, సగమే. ఆ సగం కోసం వాళ్లు ఎవరినీ అడగలేదు, మర్నాడు పొద్దున్నే గుడారం విప్పేశారు. అదే రోజు మా పొలాల్లో పనిచేసే యాభై మంది నడుముల్లో కొడవళ్లున్నాయి. వాటిని ఎవరూ గోనెసంచిలో వెయ్యలేదు.

చట్టం ఏమంటుందో చూశాను. 1959 నాటి ఆయుధాల చట్టం, కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ ఉద్దేశించిన వస్తువులను ఆయుధాల లెక్కలోంచి మినహాయించింది. ఆ చట్టం కింద చేసిన 1962 నిబంధనల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2016 నిబంధనల్లోనూ 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు వున్న కత్తులను మారణాయుధాల్లో చేర్చి, ఇల్లు, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమ వీటికోసం చేసినవాటిని వదిలిపెట్టారు. అంటే కత్తి దేనికోసం తయారైందన్నది చట్టం అడిగే ప్రశ్న. మనం అడిగే ప్రశ్న వేరు. ఎవడిది? ఏ వూరు? ఏ జాతి? మా కొడవలి పనిముట్టు, గుడారంలోని కొడవలి మారణాయుధం. కొలిమి ఒక్కటే, కమాన్ పట్టీ ఒక్కటే, చేసిన చేతులూ అవే!

ఇక్కడ ఒక మాట దాటవేస్తే నిజాయితీ కాదు. చండ్రుగొండ పేరు, కత్తి అన్న మాట కలిపి వింటే రాష్ట్రంలో చాలామందికి గుర్తొచ్చేది 2022 నవంబరు 22. ఆ రోజు మా మండలంలోని బెండాలపాడు పరిధి ఎర్రబోడు దగ్గర, ప్లాంటేషన్ మొక్కల విషయమై జరిగిన గొడవలో అటవీ రేంజి అధికారి చలమల శ్రీనివాసరావు గారిని కత్తులతో నరికి చంపారు. విధి నిర్వహణలో వున్న మనిషిని అట్లా చంపటాన్ని ఏ వాదమూ సమర్థించలేదు. నేను సమర్థించను. నేరం చేసినవాళ్ల మీద కేసు నడిచింది, 2023లో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. న్యాయం జరగవలసిన దారి అదే.

అయితే కోర్టు తీర్పుకి చాలా ముందే, హత్య జరిగిన కొద్ది రోజుల్లోనే, గుత్తికోయలందరినీ వూళ్లోంచి పంపించి ఛత్తీస్‌గఢ్‌కు తిప్పి పంపాలని పంచాయతీ తీర్మానం చేసింది. బస్తరు ప్రాంతంలో 2005 తర్వాత చెలరేగిన హింసకు తట్టుకోలేక చాలా కుటుంబాలు ఇటు దాటి వచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఇద్దరు చేసిన నేరానికి గూడెం మొత్తం, ఆడా మగా పిల్లాజెల్లా సమాధానం చెప్పాలనటం ఏ ధర్మం? మన వూరి వాడెవడైనా హత్య చేస్తే మన కులమంతా వూరు ఖాళీ చేస్తున్నామా? ఈ ప్రశ్న నేను మా వూళ్లో అడిగాను. ‘వాళ్ల సంగతి వేరులేరా’ అన్నారు. ఏం వేరో చెప్పమంటే చెప్పినవాళ్లు లేరు.

ఇట్లా మనుషులను జాతి మొత్తంగా కట్టగట్టి దోషులను చెయ్యటం మన పంచాయతీలు కొత్తగా కనిపెట్టింది కాదు. దొరలు నేర్పిన పాఠం. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వర్తించింది. మన తెలుగువాళ్లలో ఆ దెబ్బ గట్టిగా తగిలింది ఎరుకల వాళ్లకు. వాళ్లు అంతకుముందు ఏం చేసేవాళ్లు? వర్తకం! గాడిదల మీదా ఎడ్ల మీదా కోస్తా ఉప్పును, కరివేపాకును లోపలి వూళ్లకు మోసి, ధాన్యం మార్చుకుని వెళ్లేవాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో అడవిలో మేపటానికీ, వెదురు కోసుకోవటానికీ ఆంక్షలు వచ్చాయి. బేరం పోయినవాడు ఇంకా తిరుగుతూనే వుంటే, ‘పని లేకుండా తిరుగుతున్నాడు, కనుక దొంగ’ అన్నారు. పుట్టిన బిడ్డ కూడా పుట్టుకతోనే నేరస్థుడి జాబితాలోకి వెళ్లాడు. పొరుగూరు పోవాలంటే అనుమతి చీటీ, పోలీసుల ముందు హాజరు. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసింది ఈ చట్టం నీడనే. ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. స్టూవర్టుపురం పేరు చెబితే ఇప్పటికీ సినిమావాళ్లకు దొంగే గుర్తొస్తాడు, ఉప్పు బస్తా గుర్తురాదు.

పొద్దుననగా బయలుదేరి పొద్దుగూకేదాకా నడిచే వర్తకుడే లేకపోతే మన చరిత్రలో గొప్పగా చెప్పుకునేది కూడా మిగలదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు కాచేవాళ్లు. నిర్మల్ వైపు నుంచి ఖనిజం వచ్చేది. ఒకటిన్నర శాతం దాకా కార్బన్ వున్న ఆ ఉక్కు ముద్దలే పశ్చిమాసియాలో పేరుమోసిన డమాస్కస్ కత్తులయ్యాయి. 1820లలో అక్కడికి వెళ్లిన డాక్టర్ వాయ్‌సీ అనే సర్వే వుద్యోగికి ఇస్ఫహాను నుంచి వచ్చి ఉక్కు కొంటున్న పర్షియా వర్తకుడు ఎదురయ్యాడు. అటువంటి ఉక్కు తమ దేశంలో చెయ్యాలని ప్రయత్నించి విఫలమయ్యామని ఆయనే చెప్పాడట. దాదాపు అదే కాలంలో లండన్‌లో మైఖేల్ ఫెరడే మన దేశపు ఉక్కు ముక్కను ముందు పెట్టుకుని దాని రహస్యం అల్యూమినియంలో వుందనుకున్నాడు. అసలు రహస్యం కార్బన్, దాన్ని చల్లార్చే ఓపిక. విద్యుత్తుకు పితామహుడంతటివాడు తికమకపడిన విద్య తెలంగాణ కొలుముల దగ్గర కూలి రేట్లకు దొరికింది.

ఆ పర్షియా వర్తకుణ్ణి కోనసముద్రం వాళ్లు ‘ఎవడివిరా నువ్వు, ఎందుకొచ్చావు’ అని గోనెసంచిలో సరుకు లాక్కుని పంపేసి వుంటే? ఇవాళ మన విశ్వవిద్యాలయాల్లో ‘వూట్జ్’ ఉక్కు మీద ప్రసంగాలు చేసుకోవటానికి ఏం మిగిలేది?

తిరిగేవాళ్లలో దొంగలే లేరా అంటారు. వుంటారు. స్థిరంగా వున్నవాళ్లలో లేరా? బ్యాంకుల్లో, కాంట్రాక్టుల్లో పోయిన డబ్బుతో పోలిస్తే మోటారు తీగ ఎంత? దొంగను పట్టుకోవద్దని నేననటం లేదు. పేరు పెట్టి పట్టుకోండి, రుజువుతో పట్టుకోండి. గుడారాన్ని పట్టుకోకండి.

మరి చెయ్యగలిగింది ఏమిటి? వీధి వర్తకుల కోసం 2014లో కేంద్రం ఒక చట్టం చేసింది గాని అది పట్టణాలకే. చండ్రుగొండ లాంటి వూరి సంతలో కూర్చునేవాడికి దాని నీడ పడదు. సంచార జాతుల కోసం రెంకే కమిషన్ 2008లోనూ, ఆ తర్వాత ఇదాతే కమిషన్‌ కూడా నివేదికలిచ్చాయి. అవి ఢిల్లీ సంగతులు. మన చేతిలో వున్నవి చూద్దాం. సంతకు తైబజారు వసూలు చేసే పంచాయతీ, అదే చీటీ మీద ‘ఫలానా కుటుంబం, పనిముట్ల తయారీ, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా’ అని రాసి ముద్ర వేసి ఇవ్వవచ్చు. దానికి జీవో అక్కర లేదు, ఇంకుప్యాడు చాలు. రాత్రి పూట ఎవరైనా లేపితే చూపించటానికి వాళ్ల దగ్గర ఒక కాగితం వుంటుంది. మనలో సర్పంచుల కొడుకులు, కూతుళ్లు వున్నారు, ఇంట్లో ఈ మాట ఎత్తవచ్చు. వాళ్ల పిల్లలు మూడు వారాలు వుండే చోట మూడు వారాలైనా బడిలో కూర్చోనిచ్చి అన్నం పెట్టవచ్చు. పేరు రిజిస్టరులో లేదని తిప్పి పంపకుండా వుండటానికి హెడ్మాస్టరు గారికి కావలసింది కొంచెం మనసు.

విద్యార్థి సంఘానికి నా ప్రతిపాదన ఒకటి వుంది. వచ్చే వార్షికోత్సవానికి సైన్సు ప్రదర్శనలో మామూలుగా పెట్టే అగ్నిపర్వతం నమూనా పక్కన, ఆ కొలిమి కుటుంబాన్ని ఒక రోజు కూర్చోబెడదాం. అంచు మీద రంగులు తిరగటం మన జూనియర్లు కళ్లారా చూస్తారు. భౌతికశాస్త్ర విభాగం థెర్మోకపుల్ తెస్తుంది, ఆయన కన్ను చెప్పిన 230కి, మన యంత్రం చెప్పిన దానికి తేడా ఎంతో రాసి గోడకు అంటిద్దాం. ఖర్చు రెండు బస్తాల బొగ్గు, ఆ కుటుంబానికి ఒక రోజు సంపాదన, భోజనం. గేటు దగ్గర వాచ్‌మన్ కత్తుల సంచి చూసి ఆపకుండా ప్రిన్సిపాలు గారి చేత ముందే ఒక చీటీ రాయించాలి. తీర్మానం నేను రాసి తెస్తాను. బలపరచటానికి ఇంకొకరి సంతకం కావాలి.